ద్వంద్వ సమాసపు వీరులు

మా చిన్నతనమున, చిక్కడపల్లిలో మేము కాపురమున్న సందులో, నాకును మా ఎదురింటి మిత్రునకును వేరువేరు పేర్లు లేవు. బడిలోని హాజరుపట్టీయందు ఉండెనేమో గాని సందులో మాత్రము లేవు. కిరాణాకొట్టు శేఠు మొదలుకొని కొళాయికడ బిందెలు వరుసపెట్టు అమ్మలక్కలవరకు అందరును మా రెండు పేర్లను ఒకదాని వెనుక నొకటి చేర్చి, నడుమ విరామమైనను లేకుండ, ఒక్క యూపిరిలో పిలిచెడివారు. ఎప్పుడైన మాలో నొకడు ఒంటరిగా కొట్టుకు పోయినయెడల, ఆ శేఠు "ఏందిరా, రెండోడేడి?" అని విచారించిన పిమ్మటనే బెల్లము తూచెడివాడు. పిదప నేను తెలుగు పండితుడనై, ముప్పదియేండ్లపాటు పిల్లలకు సమాసములు బోధించుచు, "రాముడును లక్ష్మణుడును, రామలక్ష్మణులు" అని నల్లబల్లమీద వ్రాసినపుడెల్ల, చివరి అక్షరముకడ నా చేతిలోని సుద్దముక్క ఒక్క క్షణమాగెడిది. ఆ ఆగుటకు కారణమేమో నేటి ప్రసంగమున మనవి చేసెదను. విషయము బొమ్మల కథలలోని బాలవీరులు, వారి స్నేహములు.

నారాయణగూడ చౌరస్తానుండి చిక్కడపల్లివైపు వచ్చు దారిలో, ఒక సందు మలుపున, అద్దెపుస్తకముల దుకాణ మొకటి ఉండెడిది. దుకాణమనుట గౌరవార్థమే. ఒక రేకుపెట్టె, దానిపైన గోడ మేకునుండి మేకునకు కట్టిన జనపనార త్రాడు, ఆ త్రాటికి బట్టలారవేయు క్లిప్పులతో వ్రేలాడు పుస్తకములు, ఇంతే దాని సర్వస్వము. చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు మొదలైనవి పిల్లల చేతికందు ఎత్తున, డిటెక్టివు నవలలు పెద్దల కంటికందు ఎత్తున, ఎవరికిని కనబడగూడనివి పెట్టె అడుగున ఉండెడివి. అచ్చటనే కూర్చుండి చదివినచో పదిపైసలు, ఇంటికి గొనిపోవలెనన్న ఒక రూపాయి డిపాజిట్టు. రూపాయి అనునది మా ఇద్దరి జేబులను కలిపి దులిపినను రాలునది కాదు గనుక, ప్రక్కయింటి అరుగుమీద కూర్చుండి చదువుటయే మాకు విధియయ్యెను. ఒక ప్రతి, ఇద్దరు పాఠకులు, అయిదేసి పైసలు. నేను అక్షరములవెంట పరుగెత్తువాడను. అతడు బొమ్మలలో నివాసముండువాడు. నేను పుట ముగించి తొందరపడుచుండగా అతడింకను కొండగుహ నోటికడ వ్రేలాడు ఊడలను లెక్కించుచుండెడివాడు. పుట త్రిప్పు అధికార మెవ్వరిదను తగవు మొదటి వారములోనే పుట్టి, అతనికే ఆ అధికారము దక్కుటతో ముగిసెను; ఏలననగా, నిదానముగా చదువువాని చేతిలో పుటయుండిననే ఇద్దరికిని కథ దక్కునని దుకాణదారు తీర్పుచెప్పెను. ఆయన షరతు మరియొక్కటియే: "చినిగితే పైసలు కట్టాలె."

ఆ త్రాటిమీది పుస్తకములలో మాకు ప్రాణప్రదమైనది చందమామ. 1947 జూలైలో, అనగా స్వాతంత్ర్యమునకు ఒక నెల ముందుగా, బి. నాగిరెడ్డి, చక్రపాణి అను ఇద్దరు మిత్రులు మదరాసున ప్రారంభించిన ఆ మాసపత్రిక, 1952నుండి కొడవటిగంటి కుటుంబరావుగారి చేతిలో, వాక్యము వాక్యమును తీర్చి దిద్దబడి, తెలుగుపిల్లలకు వచనమన నిట్లుండవలెనని నేర్పిన పాఠశాలయయ్యెను. అందులో నీతికథలుండెను, పురాణములుండెను, శంకర్ గీసిన బొమ్మలో చెట్టుపైనుండి శవమును దించి భుజమున వేసికొని నడచు విక్రమార్కుడుండెను. అయినను మేము మొట్టమొదట తెరచునది వీనిలో నేదియును గాదు. నెలనెలకును, పులి నోటిలోనో లోయ అంచుననో వీరుని నిలిపి, "ఇంకావున్నది" అని మమ్ము నిర్దయగా ముప్పదిదినములు నిరీక్షింపజేసెడి సాహస ధారావాహిక. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూకమాంత్రికుడు. పన్నెండు పేర్లు. జపమాలపూసలవలె నివి నేటికిని నా నోట వరుసతప్పవు.

వీని నన్నిటిని వ్రాసినవాడు ఒక్కడే. ఆ ఒక్కని పేరు మాకు తెలియదు. ధారావాహికలపై రచయిత పేరు ముద్రించు ఆచారము చందమామకు లేకుండెను. అమెరికా దేశపు సూపర్‌మాన్, నలుగురిలో నున్నపుడు, ఒక పత్రికాకార్యాలయమున కళ్లద్దాలు ధరించి అణకువగా పనిచేసికొను సామాన్యోద్యోగిగా మెలగునని బొమ్మల కథలు చదువువారందరును ఎరుగుదురు. మన దాసరి సుబ్రహ్మణ్యముగారు ఆ కథను పాత్రగా గాక జీవితముగా నడపినవారు. 1952లో చందమామ కార్యాలయమున చేరి, అర్ధశతాబ్దమునకు పైగా ఆ బల్లకడనే కూర్చుండి, లక్షలమంది పిల్లలను రాకాసిలోయలలో నడిపించి, ఆ పిల్లలు పెరిగి తలనెరసి తమ్ము నడిపించినవాడెవ్వడని వెదకివచ్చువరకును పేరు బయటపడక యుండిరి. 2010 జనవరిలో వారు విజయవాడలో పరమపదించునాటికి, ఆ ముసుగు తొలగి కొద్దికాలమే అయ్యెను. ఆ కథలకు బొమ్మలు వేసినవారు చిత్రా; టి. వి. రాఘవన్ అను అసలు పేరును ఆ రెండక్షరముల సంతకము వెనుక దాచినవారు. కథకు పేరు లేదు, బొమ్మకు మారుపేరు. మా బాల్యమును ఏలిన వీరులిద్దరును ముసుగువీరులే.

ఇపుడు వ్యాకరణమునకు వత్తును. దాసరివారి కథలలో వీరుడు ఏకవచనమున బయలుదేరినను ఎక్కువదూర మట్లు నడువడు. పాతాళదుర్గమున ధూమకునకు సోమకుడు కలడు. శిథిలాలయమున కొండజాతి యువకుడైన శిఖిముఖికి విక్రమకేసరి కలడు. మాయాసరోవరమున జయశీలునకు, శూలము చేతబట్టిన సిద్ధసాధకుడు కలడు. రాతిరథమునను యక్షపర్వతమునను ఖడ్గవర్మకు జీవదత్తుడు కలడు; మేమైతే ఆ పేర్లను విడదీయుట దోషమనుకొని "ఖడ్గజీవదత్తులు" అనియే పలికెడివారము. ఒకని చేత కత్తి, రెండవవాని చేత మంత్రదండము. కత్తి ముందుకు దూకును, దండము నిలిచి యోచించును. వీరిలో నాయకుడెవ్వడని మమ్మెవరైన నడిగియున్నచో, ఆ ప్రశ్నయే మాకు బోధపడి యుండెడిది కాదు.

చిన్నయసూరిగారు 1858లో మనకిచ్చిన బాలవ్యాకరణపు సంప్రదాయమున సమాసములను బోధించువారు, ద్వంద్వము ఉభయపదార్థప్రధానమని చెప్పుదురు; అనగా, చేరిన రెండు పదములలో ఏదియు రెండవదానికి లోబడదని. తత్పురుషమన్ననో, అందు ఒకపదము రెండవదానిపై నానుకొని యుండును. రాజుయొక్క భటుడు రాజభటుడు. ఇచ్చట ప్రధానము భటుడేయని వ్యాకరణము ఉదారముగా చెప్పును గాని, పాప మా భటుని పేరేమో, ఊరేమో ఎవరికి కావలెను? రాజు ప్రక్కన లేనిదే వాడు లేడు. ద్వంద్వమున నట్టి అన్యాయము లేదు. అంతకంటెను వింతయైనది మరియొకటి కలదు. ఖడ్గవర్మ ఏకవచనము, జీవదత్తుడు ఏకవచనము. కలిసినంతనే చివర "లు" అను అక్షరము వచ్చి నిలుచును. ఆ "లు" ఖడ్గవర్మతో వచ్చినది కాదు, జీవదత్తునితో వచ్చినది కాదు. ఇద్దరిలో నొకడు తప్పుకొన్నచో మిగిలినవాని కడ నది యుండదు. ఆకాశమున నెగురుట, గోడల ప్రాకుట, కంటిచూపుతో ఇనుము కరగించుట మొదలగు శక్తులన్నియు ఒక్కొక్కని సొత్తు. ఈ "లు" మాత్రము ఎవ్వని సొత్తును గాని శక్తి. నల్లబల్లకడ నా సుద్దముక్క ఆగుచుండినది దానికడనే.

ఖడ్గజీవదత్తుల పేర్ల నీడ చాల ప్రాచీనమైనది. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున, బేతాళుడు రాజునకు చెప్పు కథలలో, అనంగరతి యను రాజపుత్రిక కథ యొకటి కలదు. శూరుడును, రూపవంతుడును, ఒక అపూర్వవిద్య నెరిగినవాడును అయిన వానినే వరింతునని ఆమె పట్టుబట్టగా నలుగురు వచ్చిరి: దినమున కైదు జతల వస్త్రములు నేయువాడొకడు, పశుపక్షుల భాష నెరిగినవా డొకడు, కత్తిసాములో సాటిలేనివా డొకడు, మృతులను బ్రతికించువా డొకడు. చివరి ఇద్దరి పేర్లు ఖడ్గధరుడు, జీవదత్తుడు. ఆ కథలో వీరు ప్రత్యర్థులు. కన్య యొక్కతె, వరులు నలుగురు. ఎవ్వరి కీయవలెనన్నది బేతాళుని ప్రశ్న, కత్తిగలవానికే యన్నది రాజుగారి తీర్పు. అంతటితో కథ సరి. మిగిలిన మువ్వు రేమైరో ఆ బేతాళకథలో సోమదేవుడు విచారింపలేదు. తొమ్మిదివందల యేండ్ల పిమ్మట మదరాసులోని ఒక బల్లకడ అదే కత్తియు అదే మంత్రవిద్యయు మరల ప్రక్కప్రక్కన నిలిచినవి. ఈ మారు ఒకదానితో నొకటి పోటీపడక, ఒకే దారిలో నడచినవి. నాకు తోచినంతవరకు, పెద్దల కథ పిల్లల కథగా మారుట యనగా నిదియే. పెద్దలకథ "ఎవ్వనికి?" అని యడుగును, పిల్లలకథ "తరువాత ఎక్కడికి?" అని యడుగును.

ఇది ఆకాశవాణి గనుక, ఇచ్చట నొక వీరజంటను స్మరింపకుండుట కృతఘ్నత. న్యాయపతి రాఘవరావుగారు, వారి సతీమణి కామేశ్వరిగారు. ఈ పేర్లకంటె "రేడియో అన్నయ్య, అక్కయ్య" అన్నచో శ్రోతలలో పెద్దవారు ఇప్పుడే కుర్చీ ముందుకు జరుపుకొందురు. ఆంధ్రప్రదేశ్ అవతరణానంతరము మదరాసునుండి హైదరాబాదునకు వచ్చిన ఆ దంపతుల ఆంధ్ర బాలానంద సంఘము నడచినది మా నారాయణగూడలోనే. వారి ముఖము నెరుగని పిల్లలు వేలకొలది. వారి గొంతు నెరుగనివారు అరుదు. ముఖము దాచికొని ఊరిని రక్షించుట బొమ్మలవీరుల లక్షణమైనచో, ముఖము కనబడకయే ఇంటింటి పిల్లలను ఒక్కచోట చేర్చుట ఈ గొంతువీరుల లక్షణము. చేరినవారందరును వారికి తమ్ముళ్లును చెల్లెళ్లును. నాయకుడు, అనుచరుడు అను మాటలకు ఆ గదిలో తావు లేదు.

ఆ అన్నయ్యగారే 1945లో "బాల" యను పత్రికను స్థాపించిరి. అదే సంవత్సరమున ముళ్లపూడి వెంకటరమణ యను పదునాలుగేండ్ల పిల్లవాని మొదటి కథ అందులో అచ్చయ్యెను. సత్తిరాజు లక్ష్మీనారాయణ యను మరియొక పిల్లవాని బొమ్మలును ఆ పత్రికలోనే వెలుగుచూచెను. ఈ రెండవవానిని మనము బాపు అందుము. మదరాసు బడిపిల్లలుగా కలిసిన వారిరువురును 1956లో బుడుగునకు ప్రాణము పోసిరి; ఒకరు మాట, ఒకరు గీత. బుడుగునకు పడని మేష్టర్లు ఎందరో కలరు గాని, ఆడుకొనుటకు సీగానపెసూనాంబ కలదు. రమణగారు 2011లోను బాపుగారు 2014లోను గతించువరకును తెలుగుదేశము వారిని బాపురమణలనియే పిలిచెను. చివరి "లు" గమనింపుడు.

ఇది తెలుగువారికే పరిమితమైన ముచ్చట కాదు. అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరమున, గ్లెన్‌విల్ హైస్కూలున, జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దరు పిల్లలుండిరి. ఒకడు కథ చెప్పువాడు. రెండవవాడు, కంటిచూపు మిక్కిలి మందమైనను, బొమ్మ గీయువాడు. 1938 జూన్ తేదీతో వెలువడిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో వారి సూపర్‌మాన్ కారును తలపైకెత్తి నిలిచెను. ఆ వీరునిపై సర్వహక్కులను వారు నూటముప్పది డాలర్లకు అమ్ముకొనిరి. తరువాత నడచిన వ్యాజ్యముల చరిత్ర దీర్ఘమైనది, దుఃఖకరమైనది, దానిని విడుతము. నేను చెప్పదలచినది, ప్రపంచమంతయు నెరిగిన మహావీరుడైన ఆ ఏకాకి, ఒక "లు" నుండి పుట్టినవాడని మాత్రమే. వాని గ్రహము పేలిపోయినది, వాని జాతి నశించినది, వానివంటివాడు భూమిమీద లేడు. ఆ యొంటరితనమును ఊహించినది మాత్రము ఒక జంట.

ఏకాకివీరునితో కథ నడపుటలో నొక చిక్కు కలదు. వాడు ఎవ్వనితో మాటలాడవలెను? బాట్‌మాన్ రచయితలలో నొకడైన బిల్ ఫింగర్ తరువాతి కాలమున ఈ సంగతినే ఒప్పుకొనెను: వీరుడు ఎంతసేపును తనలో తాను తలపోయుచుండిన విసుగువచ్చునని, అందువలన మాటకు జవాబు చెప్పువా డొకడు కావలసివచ్చెనని. 1940లో సర్కసు పిల్లవాడైన రాబిన్ ఆ విధముగా పుట్టెను. మన విక్రమార్కుని కథ కూర్చినవారు ఈ చిక్కును వేయేండ్లకు పూర్వమే విప్పిరి. మౌనముగా నడవవలసిన రాజు భుజముపై వారు ఒక మాటకారిని ఎక్కించిరి. నోరు విప్పినచో పని చెడునని తెలిసియు రాజు ప్రతిమారును నోరు విప్పుచునే యుండును. శ్మశానమున అర్ధరాత్రి నైనను, మంచి కథ చెప్పి "ఏమందువు?" అని యడుగువాడు దొరికినపుడు ఊరకుండుట ఎవ్వనికి సాధ్యము?

కాని రాబిన్ మొదట తత్పురుషము. బాట్‌మాన్ యొక్క రాబిన్. వాని పేరు ముందు మరొకని పేరు షష్ఠీవిభక్తితో నిలువక తప్పదు. వానిని చూచి పుట్టిన తక్కిన బాలవీరులదియు నదే గతి. పెద్దవీరుని వెనుక చిన్నవీరుడు, పెద్ద అంగీ వెనుక చిన్న అంగీ. 1964లో ఒక వింత జరిగెను. రాబిన్, కిడ్ ఫ్లాష్, ఆక్వాలాడ్ అను మువ్వురు చిన్నవాండ్రు, తమ పెద్దలను వెంటబెట్టుకొనకయే, ఒక చిన్న ఊరిలో పెద్దలకును పిల్లలకును నడుమ ముదిరిన తగవును తీర్చుటకై బయలుదేరిరి. మరుసటి సంవత్సరము వండర్ గర్ల్ వచ్చి చేరగా, ఆ జట్టునకు టీన్ టైటన్స్ అని పేరు పెట్టిరి. ఆ పిల్లల పెద్దవీరుల పేర్లు ఏకవచనములు; ఈ పిల్లల పేరు బహువచనము. 1980లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ అను మరియొక జంట ఆ జట్టును మరల కూర్చినపుడు, గ్రహాంతరమునుండి వచ్చినదొకతె, శరీరమున సగము యంత్రమైనవా డొకడు, దెయ్యపుతండ్రికి పుట్టి వానినే ఎదిరించున దొకతె, అందరును ఒక్కచోట చేరిరి. వారి కథలలో నేను మరల మరల చదువునవి యుద్ధముల పుటలు కావు. యుద్ధమైన పిదప, ముసుగులు తీసి, ఏదో తినుచు, ఒకరి నొకరు వెక్కిరించుకొను పుటలు.

పిల్లలు ఈ కథలను చూచి చెడిపోదురని భయపడు పెద్దలు అన్ని దేశములందును ఉండిరి; మా యింటను ఉండిరి. లెక్కల పుస్తకము నడుమ చందమామను దాచుటలో మేము సాధించిన నైపుణ్యమును గూర్చి ప్రత్యేకముగా నొక ప్రసంగమే చేయవచ్చును. కాని కాలము స్వల్పము గనుక, నా మిత్రుని సంగతి చెప్పి ముగింతును.

ఒక దినమున, అరుగుమీద, పాత సంచిక యొకటి చదువుచుంటిమి. ఖడ్గజీవదత్తులు చీకటిగుహలో ప్రవేశించిరి. వెనుక రాయి మూసికొనెను. ముందర ఏదో బుసకొట్టెను. మిత్రుడు పుట త్రిప్పెను. తరువాతి పుట లేదు. ఎవ్వడో దుర్మార్గుడు దానిని కుట్టువరకు చించుకొనిపోయియుండెను. కుట్టుకడ రంపపుపండ్లవంటి అంచు మాత్రము మిగిలియుండెను. ఆ పైపుటలో వీరు లిద్దరును వెన్నెలలో, గుహ వెలుపల, గాయములు కడుగుకొనుచున్నారు. నడుమ ఏమి జరిగెను? పదిపైస లిచ్చిన పుస్తకము, పరీక్షలైన మరునాడు. నా కన్నుల నీరు తిరిగెను. మిత్రుడు నా వంక చూచి, ఆ చినిగిన అంచును వ్రేలితో నిమురుచు, తాపీగా, "ఏడ్వకురా. గీ పేజీ నేనింతకుముందే చదివిన. చెప్త విను," అనెను.

చెప్పెను. చీకటిలో సర్పము తోకతో కొట్టగా ఇద్దరి చేతులనుండియు ఆయుధములు జారిపడెనట. తడవి అందుకొనుటలో తారుమారయ్యెనట. కత్తి జీవదత్తుని చేతికి, దండము ఖడ్గవర్మ చేతికి. మంత్రమెరుగని వాడు దండమును దుడ్డుకర్రవలె త్రిప్పెనట. సాము నెరుగనివాడు కత్తిని ఝళిపించుటకు మారుగా దాని యలుగుపై బడిన సన్నని వెలుగును పాము కంటిలోనికి మరల్చెనట. కంటిచూపు చెదరిన పాముతలపై దండము పడెనట. వెలుపలికి వచ్చిన పిదపగాని, ఎవ్వని ఆయుధ మెవ్వనికడ నున్నదో ఇద్దరును గమనింపలేదట. అతడు చెప్పుచుండ, బుసకొట్టుటకు నోటితోను, దెబ్బకు అరుగుమీద చెప్పుతోను తాళము వేసెను. దుకాణదారుడు సైతము పెట్టెకడనుండి మెడచాచి వినెను.

ఇరువదియేండ్లు గడచిన పిదప, అదే సంచిక, చెక్కుచెదరనిది, ఒక పరిచితుల యింట నాకు కనబడెను. వణకుచేతులతో ఆ పుట తెరచితిని. అందులో ఆయుధములు మారలేదు. గుహలో జరిగినది వేరు. చక్కగనే యున్నది గాని, నేను ఇరువదియేండ్లు నెమరువేసినది కాదు. మిత్రుడు ఆ పుటను ఎన్నడును చదివియుండలేదు. మే మిద్దరము కలిసియే గదా చదువువారము! నాకు దొరకని ప్రతి వాని కెచ్చట దొరకును? ఇంత సులభమైన తర్కము ఆనాడు నా బుద్ధికి తట్టలేదు. తట్టనీయని వేగముతో వాడు చెప్పెను.

అప్పటికి వాడు ఉద్యోగరీత్యా దూరదేశముననుండెను. ఫోనుచేసి, నవ్వుచు, నీ దొంగతనము బయటపడినదని చెప్పితిని. వాడు నవ్వలేదు. కొంత తడవూరకుండి, "లేకపోవుడేందిరా? బొమ్మ గూడ ఉండె గద. చిత్రా బొమ్మ. కత్తి మీద వెలుగు పడ్డట్టు," అనెను. నేను కన్నులు మూసికొంటిని. శ్రోతలారా, ఆ బొమ్మ నాకును కనబడుచుండెను. ఇప్పుడును కనబడుచున్నది. గుహ కప్పునుండి జారిన వెలుగు, అలుగుపై తెల్లని గీత, పాముకన్ను, క్రింద మూలన రెండక్షరముల సంతకము. అచ్చు కాని ఆ పుటను ప్రపంచమున చూచినవారము మే మిద్దరమే.

ఆ అద్దెదుకాణము నేడు లేదు, చందమామయు లేదు. కథల రూపము మారినది; బాలవీరులు పిల్లల చేతులలోని తెరలమీద పరుగెత్తుచున్నారు. నేను మాత్రము సాయంకాలములందు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి కూర్చుండు అలవాటు మానలేదు. ప్రక్కనే త్యాగరాయ గానసభలో ఎవ్వరిదో సన్మానపు మైకు వినబడుచుండును. అటు అశోక్‌నగరపు గదులనుండి వచ్చిన యువకులు, ప్రభుత్వోద్యోగముల గ్రూప్స్ పరీక్షలకై, తెల్లవారకమునుపే సంచిపెట్టి చోటు పట్టుకొని, చెట్టు నీడను, మెట్లమీదను, వరండాలోను, ప్రొద్దుగ్రుంకువరకును చదువుచుందురు. ఖాళీలు కొన్ని, అభ్యర్థులు లక్షలు. సోమదేవుని కథయే. అనంగరతి యొక్కతె.

మొన్న నొకనాడు మెట్లకడ నిద్దరు యువకులను చూచితిని. నడుమ నొక్కటే పుస్తకము, అట్ట ఊడి, దారముతో కట్టినది. ఒకడు బిగ్గరగా చదువును. రెండవవాడు కన్నులు మూసికొని విని, నోటుపుస్తకమున గీతలు గీసి, తిరిగి వానికి చెప్పును. చదువువానికి లెక్కలు రావు కాబోలు, రెండవవాడు సున్నముక్కతో మెట్టుమీదనే లెక్క వేసి చూపెను. వినువానికి చరిత్ర తేదీలు నిలువవు కాబోలు, మొదటివాడు వానికి పాటగట్టి నేర్పెను. కొంతసేపటికి చదువువాడు పుస్తకము మూసి, ఆకాశమువంక చూచి, "అరేయ్, గీ జోన్ల ఒక్కటే పోస్టుంటె ఎట్లరా మనిద్దరికి?" అనెను.

రెండవవాడు సున్నముక్కను వ్రేళ్లనడుమ త్రిప్పుచు, పుస్తకమును మరల తెరచి వానివైపు జరిపి, "ముందుగాల ఈ చాప్టర్ చెప్పు. తర్వాత కొట్లాడుదం," అనెను.

పుట త్రిప్పినది ఎవ్వడో, చీకటిపడుటచే, నాకు తెలియరాలేదు.